ప్రయాణానికి ముందే చెల్లించిన సొమ్ము ఎవరిది?

ఇల్లు విడిచి బయలుదేరడానికి ఎన్నో నెలల ముందే ప్రయాణపు ఖర్చంతా పరాయి చేతుల్లో పెట్టే కాలమిది. ఉమ్రాకైనా, విదేశంలో ఉన్న పిల్లలను చూసి రావడానికైనా, విహారయాత్రకైనా ఇదే పద్ధతి. సొమ్ము ఇవాళ ఇస్తాము. దానికి బదులు దొరకవలసిన విమానం, గది, భోజనం మూడు నెలల తరువాత దొరుకుతాయి. ఈలోపల సొమ్ము పుచ్చుకున్న సంస్థ దివాలా తీస్తే ఆ నష్టాన్ని ఎవరు భరించాలి? అన్నీ కలిపి ప్యాకేజీగా కొన్నవారికి ఒక న్యాయం, టిక్కెట్టు వేరుగా, గది వేరుగా స్వయంగా కొనుక్కున్నవారికి మరో న్యాయం ఉండవచ్చునా? పైకి ఇది వ్యాపార వ్యవహారంలా కనబడుతుంది. కాని దీనిలో అమానతు, జామీను, బాటసారి హక్కు అనే మూడు ధార్మిక విషయాలు ఇమిడి ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటిగా పరిశీలిద్దాం.

ఒకే హోటల్లో రెండు కుటుంబాలు

2019 సెప్టెంబరు 23న బ్రిటన్‌కు చెందిన థామస్ కుక్ సంస్థ మూతబడింది. అది 1841లో మొదలైన సంస్థ. దాదాపు 170 కోట్ల పౌండ్ల అప్పు దాని నెత్తిన ఉంది. నిలదొక్కుకోవడానికి కావలసిన మరో 20 కోట్ల పౌండ్లు సమకూరలేదు. తెల్లవారేసరికి దాని విమానాలు ఆగిపోయాయి. (మన దేశంలో ఆ పేరుతో ఉన్న కంపెనీ 2012లోనే వేరే యాజమాన్యం కిందికి వెళ్ళింది. ఈ పతనంతో దానికి సంబంధం లేదు.) ఆ ఉదయం బ్రిటన్‌కు చెందిన దాదాపు లక్షన్నర మంది ప్రయాణీకులు పరాయి దేశాలలో చిక్కుకుపోయారు.

వారిలో ఒకే హోటల్లో దిగిన రెండు కుటుంబాలను ఊహించుకుందాం. మొదటి కుటుంబం విమానం, గది కలిపి ప్యాకేజీగా కొన్నది. రెండవ కుటుంబం ఆ సంస్థ విమానంలో సీట్లు మాత్రమే కొని, గదిని స్వయంగా వేరేచోట మాట్లాడుకున్నది.

బ్రిటన్‌లో విమాన ప్రయాణపు ప్యాకేజీలు అమ్మే సంస్థకు అటాల్ అనే లైసెన్సు ఉండాలి. 1973 నుండి ఈ పద్ధతి నడుస్తోంది. ఒక్కొక్క ప్రయాణీకుడి పేరున సంస్థ రెండున్నర పౌండ్లు ఒక ఉమ్మడి నిధికి కడుతుంది. సంస్థ కూలిపోతే ఆ నిధి నుండి హోటల్ బాకీ చెల్లిస్తారు, ప్రయాణీకులను ఇంటికి చేరుస్తారు, ఇంకా బయలుదేరనివారికి సొమ్ము తిరిగి ఇస్తారు. కాబట్టి మొదటి కుటుంబానికి నష్టం లేదు. రెండవ కుటుంబానికి గది మిగిలింది గాని విమానం మిగలలేదు. ఇన్సూరెన్సు ద్వారానో, చెల్లించిన కార్డు బ్యాంకు ద్వారానో రాబట్టుకోగలిగితే సరి, లేకపోతే ఆ సొమ్ము పోయినట్టే.

అయితే ప్యాకేజీ కొన్నవారికి మాత్రం మనశ్శాంతి దక్కిందా? ట్యునీషియాలోని ఒక హోటల్ యాజమాన్యం, సంస్థ నుండి తమ బాకీ వస్తుందో రాదోనన్న భయంతో, అతిథులను గేటు దాటనివ్వలేదు. సంస్థకు పూర్తిగా డబ్బు కట్టి వచ్చిన అతిథులు వారు. హోటలువాడూ పాపం అప్పులవాడే, అతిథీ అప్పులవాడే. బాకీ పడినవాడు మాత్రం అక్కడ లేడు!

రక్షణ ప్యాకేజీలో లేదు, జామీనులో ఉంది

దీన్నిబట్టి ప్యాకేజీ కొనడమే క్షేమమని చాలామంది నిర్ణయానికి వస్తారు. కాని ఆ కుటుంబాన్ని కాపాడింది ప్యాకేజీ అన్న పేరు కాదు. దాని వెనుక నిలబడిన జామీను. మన దేశంలో అటువంటి ఉమ్మడి నిధి లేదు. 2019 ఏప్రిల్ 17న జెట్ ఎయిర్‌వేస్ విమానాలు ఆగిపోయినప్పుడు, 2023 మే నెలలో గో ఫస్ట్ ఆగిపోయినప్పుడు ముందుగా టిక్కెట్లు కొన్నవారు బ్యాంకుల వెనుక బాకీదారుల వరుసలో నిలబడవలసి వచ్చింది.

జామీను లేనిచోట లెక్క తలకిందులు కూడా కావచ్చు. విమాన సంస్థ బాగానే ఉండి మధ్యలోని ఏజెంటు దివాలా తీశాడనుకోండి. స్వయంగా టిక్కెట్టు కొన్నవాడు నిశ్చింతగా విమానం ఎక్కుతాడు. ప్యాకేజీ కొన్నవాడికి టిక్కెట్టూ లేదు, గదీ లేదు. ఇంటి ధాన్యమంతా ఒకే గాదెలో పోసి, ఆ గాదెకు తలుపు ఉందో లేదో చూసుకోనట్టు అవుతుంది.

2025 హజ్ సందర్భంలో జరిగినదీ మనకు గుణపాఠమే. ఆ ఏడు మన దేశపు కోటా 1,75,025. అందులో 1,22,518 హజ్ కమిటీ ద్వారా, 52,507 ప్రైవేటు నిర్వాహకుల ద్వారా వెళ్ళవలసినవి. మినాలో బసకు, రవాణాకు సంబంధించిన ఒప్పందాలు గడువులోగా పూర్తికాక ప్రైవేటు కోటాలో అధికభాగం చేజారింది. తరువాత సౌదీ ప్రభుత్వం పదివేల మందికి మాత్రం మళ్ళీ అవకాశమిచ్చింది. అక్కడ దివాలా తీసినవారు లేరు. అయినా సొమ్ము కట్టి ఇహ్రాం గుడ్డలు సిద్ధం చేసుకున్న వేలాదిమంది ఇంట్లోనే ఉండిపోయారు.

యాత్రికుడికీ మధ్యవర్తికీ మధ్య ఉన్న ఈ సమస్య కొత్తది కాదు. పంతొమ్మిదవ శతాబ్దంలో బొంబాయి రేవులో దళారుల చేతుల్లో పడి, కిక్కిరిసిన ఓడలలో వెళ్ళి, తిరుగు ప్రయాణానికి చేతిలో పైసా లేక జిద్దాలో నిలిచిపోయిన హాజీలు ఎందరో. వారి యాత్ర ఏర్పాట్లను 1886లో నాటి బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం అప్పగించినది ఈ థామస్ కుక్ సంస్థకే! 1893 వరకు ఆ ఏర్పాటు సాగింది. దళారుల నుండి కాపాడటానికి పిలవబడిన పేరే నూట ముప్పై ఏళ్ళ తరువాత లక్షన్నర మందిని దారిలో వదిలేసింది. గనక పేరు పెద్దదనీ, పాతదనీ నమ్మి ఊరుకోవడానికి వీల్లేదు.

జాగ్రత్తపడటం తవక్కుల్‌కు విరుద్ధమా?

“అంతా అల్లాహ్ చూసుకుంటాడు, ఇన్ని ప్రశ్నలెందుకు?” అని కొందరు సోదరులు అంటారు. ముఖ్యంగా ఉమ్రా విషయంలో రసీదు అడగటానికి కూడా మొహమాటపడతారు. ఒకప్పుడు యమన్ నుండి కొందరు దారిబత్తెం లేకుండానే హజ్‌కు బయలుదేరేవారు. తాము అల్లాహ్‌పై భారం వేసినవారమని చెప్పుకునేవారు. తీరా మక్కా చేరాక జనం ముందు చేయి చాచేవారు. దారిబత్తెం వెంట తీసుకోవాలన్న బఖరా సూరా 197వ ఆయతులోని ఆజ్ఞ ఈ సందర్భంలో అవతరించిందని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) తెలిపారు. ఒంటెను కట్టిన తరువాతే తవక్కుల్ అన్న దైవప్రవక్త (స) హితబోధ మనలో తెలియనివారు లేరు. ఈనాటి ప్రయాణంలో ఒంటెను కట్టే తాడు వ్రాతపూర్వకమైన ఒప్పందమే. అప్పు వ్యవహారాన్ని వ్రాసుకోవాలని బోధించే బఖరా సూరా 282వ ఆయతు ఖుర్ఆన్‌లోకెల్లా పొడవైన ఆయతు అన్న సంగతి ఇక్కడ గమనార్హం.

అమానతా? అప్పా?

అసలు ప్రశ్న ఇది: మనం ముందుగా ఇచ్చిన సొమ్ము పుచ్చుకున్నవాడి చేతిలో ఏమవుతుంది? ఫిఖహ్ ప్రకారం ఇక్కడ రెండు రూపాలున్నాయి. “మీ తరఫున టిక్కెట్టు కొనిపెడతాను” అన్నవాడు మన వకీలు. ఆ పనికి ఇచ్చిన సొమ్ము అతని దగ్గర అమానతు. దాన్ని మరో పనికి వాడితే అది ఖియానతు. తన పేరుతోనే ప్యాకేజీ అమ్మినవాడి సంగతి వేరు. ధర అతని సొత్తు అవుతుంది, కాని ఆ సేవ అతని మెడ మీద అప్పుగా నిలుస్తుంది.

ఈ తేడా దివాలా రోజున బయటపడుతుంది. దివాలా తీసినవాడి దగ్గర తన వస్తువు ఉన్నదున్నట్టుగా దొరికితే ఇతర బాకీదారులకంటే దాని యజమానికే ఎక్కువ హక్కు ఉందని హదీసులో ఉంది. అమ్మిన సరుకుకు కూడా ఇది వర్తిస్తుందా అన్న విషయంలో ఇమాముల మధ్య భేదాభిప్రాయం ఉంది. హనఫీ పండితులు దీన్ని అమానతు వంటి వాటికే వర్తింపజేశారు. కాని విడిగా గుర్తించగల అమానతు సొమ్ము దాని యజమానికే చెందుతుందనడంలో భేదం లేదు. కాబట్టి యాత్రికుల సొమ్మును వేరే ఖాతాలో ఉంచితే అది వారికి దక్కుతుంది. సొంత వ్యాపారంలో కలిపేస్తే వారు అప్పులవారి వరుసలో చివరన నిలబడతారు.

ఈ సందర్భంలో హజ్రత్ జుబైర్ (రజి) ఆదర్శం మన కళ్ళు తెరిపిస్తుంది. ప్రజలు తమ సొమ్మును ఆయన దగ్గర దాచుకోవడానికి తెచ్చేవారు. అమానతుగా కాదు, అప్పుగా అయితే తీసుకుంటానని ఆయన అనేవారు. ఎందుకంటే అమానతు తన తప్పు లేకుండా పోతే తిరిగి ఇవ్వవలసిన బాధ్యత ఉండదు, యజమాని నష్టపోతాడు. అప్పయితే ఎలా పోయినా తీర్చి తీరాలి. ఆయన అమరులయ్యేనాటికి ఆ అప్పు 22 లక్షలకు చేరింది. కుమారుడు హజ్రత్ అబ్దుల్లాహ్ (రజి) ఆస్తి అమ్మి తీర్చారు. అంతటితో ఆగక, తండ్రి బాకీ ఉన్నవారెవరైనా రావచ్చునని నాలుగేళ్ళపాటు హజ్ రోజుల్లో ప్రకటించిన తరువాతే మిగిలిన ఆస్తిని వారసులకు పంచారు.

ఆయన అమానతును అప్పుగా మార్చుకున్నది ఇచ్చినవారి క్షేమం కోసం. నేడు కొందరు అమానతును అప్పుగా మార్చుకుంటున్నది తమ సౌకర్యం కోసం. ఈ నెల యాత్రికుల సొమ్ముతో పోయిన నెలవారి టిక్కెట్లు కొని, వీరి టిక్కెట్లకు వచ్చే నెలవారి కోసం ఎదురుచూసే వ్యాపారం ఎంత పవిత్రమైన పేరుతో నడిచినా అది మోసమే. తీర్చే ఉద్దేశ్యంతో ప్రజల సొమ్ము తీసుకున్నవాడి తరఫున అల్లాహ్ తీరుస్తాడనీ, పోగొట్టే ఉద్దేశ్యంతో తీసుకున్నవాణ్ణి నాశనం చేస్తాడనీ దైవప్రవక్త (స) హెచ్చరించారు.

జామీను లేనివాడి సంగతి?

ఇప్పుడు రెండవ కుటుంబం దగ్గరికి వద్దాం. నాలుగు పౌండ్లు ఆదా చేసుకోవడానికి రక్షణ లేని దారి ఎంచుకున్నారు కదా, వారి ఖర్చు ఇతరులెందుకు భరించాలి? ఈ వాదన తీసివేయదగినది కాదు. తలా కొంత కట్టినవారి నిధిని కట్టనివారికి పంచితే రేపటినుండి ఎవరూ కట్టరు. కాని 2019లో బ్రిటన్ ఏం చేసింది? లైసెన్సు రక్షణ ఉన్నవారినీ లేనివారినీ తేడా లేకుండా రెండు వారాలలో విమానాలలో ఇంటికి చేర్చింది. రక్షణ లేనివారి ఖర్చు ప్రభుత్వం భరించింది. ప్యాకేజీ సొమ్ము మాత్రం రక్షణ ఉన్నవారికే తిరిగి ఇచ్చారు.

ఈ విభజన మన ధర్మానికి దగ్గరగా ఉందని మేము భావిస్తున్నాము. జకాతుకు అర్హులైన ఎనిమిది వర్గాలలో బాటసారి ఒకడు. సొంత ఊళ్ళో సంపన్నుడైనా సరే, దారిలో చేతిలో ఏమీ లేకుండా చిక్కుకుంటే ఇల్లు చేరడానికి సరిపడా అతనికి హక్కుంది. అప్పు దొరికితే అది తీసుకోవడం మేలని ఫుఖహా చెప్పారు గాని, “నువ్వెందుకు జాగ్రత్తపడలేదు?” అని ముందుగా విచారించమని చెప్పలేదు. అంటే ఇల్లు చేరడం ఆపదలో ఉన్న ప్రతి మనిషి హక్కు. పోయిన సొమ్ము తిరిగి రావడం ఒప్పందానికీ జామీనుకూ సంబంధించిన విషయం. మొదటిదాన్ని రెండవదానితో ముడిపెడితే కాఠిన్యం అవుతుంది. రెండవదాన్ని మొదటిదానిలా పంచితే జాగ్రత్తపడినవారికి అన్యాయం అవుతుంది.

మనం చేయవలసింది

యాత్రలు నడిపే సోదరులారా! యాత్రికుల సొమ్ముకు వేరే ఖాతా పెట్టండి. మీరు వకీలో అమ్మకందారో ముందే స్పష్టంగా చెప్పండి. నలుగురు నిర్వాహకులు కలిసి, ఒకరు పడిపోతే అతని యాత్రికులను మిగతావారు ఆదుకునేలా ఉమ్మడి నిధి ఏర్పరచుకోండి. రుసుము తీసుకుని జామీను ఉండటాన్ని ఫుఖహా సమ్మతించలేదు. కాని తలా కొంత వేసుకుని నష్టపోయినవాణ్ణి ఆదుకోవడం పరస్పర సహకారం. దాని విధివిధానాలను ఉలమాను అడిగి నిర్ణయించుకోండి.

కుటుంబాలవారు కూడా కొన్ని విషయాలు గుర్తుంచుకోవాలి. “ఎంత తక్కువకు?” అని అడిగే ముందు “మీరు పడిపోతే మాకు జామీను ఎవరు?” అని అడగండి. రసీదు, ఒప్పందం కాగితం మీద తీసుకోండి. సొమ్మంతా ఒక్కసారి ఇవ్వకుండా పని జరిగిన కొద్దీ ఇవ్వండి. టిక్కెట్టు చేతికి రాగానే అది నిజంగా మీ పేరున ఉందో లేదో విమాన సంస్థ దగ్గరే సరిచూసుకోండి. తిరుగు ప్రయాణానికి సరిపడే పైకం విడిగా దగ్గర ఉంచుకోండి. యమన్ యాత్రికుల వృత్తాంతం చెప్పేది ఇదే. మన ఊరివాడెవడైనా అలా దారిలో చిక్కుకున్నాడని తెలిస్తే, అతని తెలివితక్కువతనాన్ని చర్చించుకునే ముందు అతణ్ణి ఇల్లు చేర్చండి.

ప్రయాణీకుని దుఆ స్వీకరించబడుతుందని దైవప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు. మన వల్ల నష్టపోయి దారిలో నిలబడినవాడు ప్రయాణీకుడే కాదు, పీడితుడు కూడా. పీడితుని మొరకూ అల్లాహ్‌కూ మధ్య తెర ఉండదు. అటువంటి మొరకు గురికాకుండా అల్లాహ్ మనల్ని కాపాడుగాక! ఇతరుల సొమ్ము మన చేతుల్లో భద్రంగా ఉండే భాగ్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.