తంది కాదు, కంది

తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు దక్కింది. చిన్న పిల్లవాడు దాన్ని ‘తంది’ అంటే ఇంట్లోవాళ్లు మురిసిపోతారు. మూడేళ్లకైతే ముద్దే. ఆరేళ్లకూ అదే పలుకైతే స్పీచ్ థెరపిస్టుకు పని పడినట్టే.

ఆమె మందివ్వదు. చేతిలో అద్దం, చెంచా. ‘క’ పలకాలంటే నాలుక వెనకభాగం లేచి అంగిలిని తాకాలి. అందుకే చెంచాతో నాలుక కొనను కిందికి అదిమి, ‘ఇప్పుడు కాకి అను’ అంటుంది. మొదట గొంతులో ఏదో గుర్రుమంటుంది. పిల్లలు పడీపడీ నవ్వుతారు.

తాండూరు తెలుగు, ఉర్దూ, కన్నడ కలగలిసే సరిహద్దు ఊరు. అందుకే ఇంటి యాసను మాట లోపమనుకుంటే పొరపాటే.

తాండూరు ఉన్న వికారాబాద్ జిల్లా పుట్టిన 2016లోనే దివ్యాంగుల హక్కుల చట్టం మాట, భాషా వైకల్యాన్ని 21 వైకల్యాల్లో ఒకటిగా చేర్చింది. ప్రత్యేక అవసరాల పిల్లలకు భవిత కేంద్రాలున్నాయి. అయినా థెరపిస్టు రోజంతా వెంట ఉండదు కదా! మిగతా సాధన అమ్మ దగ్గరే, చాటలో కందులు చెరుగుతూ, గోడమీది కాకిని పిలుస్తూ.