తనది కాని చోట ఆతిథ్యము

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలమున పనికై ఖరగ్‌పూరు చేరిన తెలుగు కుటుంబములు అనేకము. క్వార్టరు రైల్వేవారిది, ఉద్యోగవిరమణ పిమ్మట గడువులోగా ఖాళీ చేయవలసినదే. అట్టి వృద్ధ దంపతులు అద్దె గదిలో కాపురముండి, రాత్రి బండి దిగిన స్వగ్రామస్థులకు అన్నము వండిపెట్టి, చాప పరచి, వేకువను మరల బండి ఎక్కించుచుందురు. తమది కాని చోట వారు ఆతిథేయులగుదురా? సొంత ఇల్లు కట్టిన తరువాత చేర్చుకొందుమనువారికి ఈ ప్రశ్న తగులక మానదు.

మమ్రేయొద్ద అబ్రాహాము గుడారపు ద్వారమునుండి ముగ్గురికి ఎదురు పరుగెత్తెను (ఆది. 18). రొట్టెల పని శారాకే పడినది, ఖరగ్‌పూరులోను అంతే. ఆ నేల ఆయనది కాదు, అయినను వారిని పంపివేయలేదు. ఆ దేశమున ఆయనకు సొంతమైన మొదటి భూమి మక్పేలా పొలము; 400 తులముల వెండి తూచి కొనెను, అదియు శారా సమాధికొరకే (ఆది. 23).