స్వెట్టర్ మడిచిన ఉదయం

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుందంటారు. చలి పోతోందంటే చిన్నప్పటినుంచీ నాకు బెంగే, స్వెట్టర్ తీసేయాలి కదా! పల్చటి చొక్కాలో పొట్ట, ఛాతీ అన్నీ తెలిసిపోయేవి. బడిలో పిల్లలు ‘బొండాం’ అనేవారు. నా నడకనూ ఓ మాటతో వెక్కిరించేవారు. ఆ మాట మాత్రం ఇక్కడ చెప్పను. ఒంటిని దాచుకోవడం, మనసును దాచుకోవడం నాకు ఒకేసారి అలవాటయ్యాయి.

2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు, ఇష్టపడి కలిసే ఇద్దరు పెద్దవాళ్లు మగవాళ్లే అయినా అది నేరం కాదంది. 1860 నాటి చట్టంలోని 377వ సెక్షన్ అప్పటిదాకా మా మీద వేలాడుతూనే ఉంది. ఆ రాత్రే అమ్మకు చెప్పాను, నాకు మగవాళ్లంటేనే ఇష్టమని. తర్వాత చాలా నెలలు ఫోన్లో “తిన్నావా?” తప్ప మరో మాట లేదు. ఆవిడ మీద నాకు కోపం రాలేదు, దిగులే.

కిందటి వేసవిలో ఆవకాయ కలుపుతూ, మోచేతులదాకా ఎర్రటి నూనెతో, తలెత్తకుండా అడిగింది: “ఆ అబ్బాయి వెల్లుల్లి తింటాడా?”

తినడన్నాను. వెల్లుల్లి వేయకుండా ఇంకో జాడీ కలిపి, వాసెన కట్టి ఇచ్చింది.

ఇవాళ స్వెట్టర్ మడిచి పెట్టెలో పెట్టేశాను. కిటికీ బయట వేపచెట్టు ఆకు రాలుస్తోంది. లేత పసుపు చొక్కా ఇస్త్రీ చేసుకున్నాను. అదే వేసుకుని, ఈ మాటలు చెప్పడానికి స్టూడియోకి వచ్చాను.