గోగు ఊరే నీళ్లు

ఉత్తరాంధ్రలో రాజాం వైపు మనుషులు నెమ్మదస్తులు, అమాయకులు అని బయటివాళ్లు అంటుంటారు. నెమ్మది నిజమే. అమాయకత్వం మాత్రం నేనొప్పుకోను. ఆ నెమ్మది ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియాలంటే నార కోసం గోగు ఊరేసిన చెరువు గట్టున కాసేపు నిలబడాలి.

తొలకరికి వేసిన గోగుని పూత వేళకి కోసి, కట్టలు కట్టి, ఆకు రాలేదాకా చేలోనే ఉంచుతారు. తర్వాత చెరువులోనో గెడ్డ మడుగులోనో ముంచి, తేలకుండా పైన బరువు పెడతారు. ఇక రెండు మూడు వారాలు పని నీళ్లదే. తొందరపడితే నార పుల్లని వదలదు, ఆలస్యమైతే కుళ్లి పటుత్వం పోతుంది. మధ్యమధ్యలో ఒక కాడ పైకి తీసి, మొదలు దగ్గర బొటనవేలితో నొక్కి చూస్తారు. బెరడు జారితే సరే, లేకపోతే మళ్లీ ముంచుతారు. అదయ్యాక కంపుకొట్టే నీళ్లలో దిగి కాడకాడకీ నార ఒలవాలి. ఒంటరిగా అయ్యే పని కాదది. ఇవాళ వీళ్ల కట్టలు, రేపు వాళ్ల కట్టలు. తరాలుగా ఇలా బతికినవాళ్ల ఓపిక వెనక ఎంత లెక్క ఉంటుందో!

వాన ఇక్కడ తక్కువేం కాదు. ఏడాదికి సుమారు 1,100 మిల్లీమీటర్లు, అనంతపురానికి దాదాపు రెట్టింపు. కానీ ఉభాలకి రావలసింది రాదు, కోతలప్పుడు వాయుగుండమై వస్తుంది. నాగావళి, సువర్ణముఖి, వేగావతి నదులు ఎగువ కొండల్లో కురిస్తే పోటెత్తుతాయి, అంతలోనే ఇసుక తేలుతుంది. వానని వేడుకోవడం ఈ సీమలో ఒక కళే అయింది. తప్పెటగుళ్లు చూడండి: రొమ్ము మీద తప్పెట, కాళ్లకి గజ్జెలు, ఒకరి భుజాల మీద ఒకరు. కిందవాడి అడుగు తడబడితే పైవాడు పడిపోతాడు. గోగు నీళ్లలో నేర్చిన పొత్తు ఆ ఆటలోనూ కనిపిస్తుంది నాకు.

అయితే ఇక్కణ్ణుంచి జనం పనికోసం వలసపోవడాన్ని కూడా ప్రకృతి ఖాతాలోనే రాసేస్తే నాకు కోపమొస్తుంది. ఇంత వాన పడే నేల మీద చెరువు పూడిక తియ్యకపోవడం, మదుము బాగుచెయ్యకపోవడం, కాలువ చివరి ఎకరానికి నీరందకపోవడం మనుషులు చేసిన పనులు. గోగు కూడా తగ్గిపోతోంది. నారతో నేసే గోనెసంచుల చోట ప్లాస్టిక్ సంచులొచ్చాయి, ఊరెయ్యడానికి నీళ్లు దొరకవు, ఆ చేలల్లో మొక్కజొన్న లేచింది. రాజాం జనపనార మిల్లులతో పేరు తెచ్చుకున్న ఊరని పిల్లలకి చెప్పుకోవాల్సి వస్తోంది.

పని పోతే అది నేర్పిన గుణం కూడా పోతుందా? హైదరాబాద్, విజయవాడ కట్టడాల దగ్గర మావాళ్ల గుడారాలు చూశాక పోదనే అనుకుంటున్నాను. ఒక ఊరివాళ్లు ఒకే మేస్త్రి కింద చేరతారు, ఒకే పొయ్యి మీద వండుకుంటారు, ఒకడు జ్వరంతో పడుకుంటే వాడి వంతు ఇటుకలు మిగతావాళ్లు మోస్తారు.