లిఖిత స్వరం – వాదకుని స్వేచ్ఛ

కర్త రాసి ఉంచినదానిని ఉన్నదున్నట్లు పలికించడమే విధేయత అయితే వాదకుని బాధ్యత ఎంతవరకు? యోహాన్ సెబాస్టియన్ బాఖ్ 1720లో స్వహస్తంతో శుద్ధప్రతి రాసిన ఆరు ఏకవాద్య వయొలిన్ కృతులలో మొదటిదాని తొలి భాగం, జి మైనర్ 'అడాజియో', ఈ ప్రశ్నను ప్రతి సాధకుని ముందూ నిలుపుతుంది. దాని నిడివి 22 'బార్'లు మాత్రమే.

ఆనాటి ఇటలీ పద్ధతిలో విలంబగతి రచనకు స్వరకర్త స్థూలరూపమే ఇచ్చేవాడు. అలంకారాలు వాదకుని మనోధర్మానికి వదిలేవాడు. బాఖ్ ఇందులో ఆ అలంకారాలను సైతం స్వరాలుగా రాశాడు. అతని రచనలలోని ఈ అలవాటును 1737లో షైబె అనే విమర్శకుడు ఆక్షేపించాడు. లైప్‌జిగ్ పండితుడు బిర్న్‌బౌమ్ 1738లో దానికి సమాధానమిస్తూ, అలంకరణలో ఔచిత్యం అందరికీ తెలియదు గనుక దారి చూపే హక్కు కర్తకు ఉందని వాదించాడు.

అయితే ఇంత వివరంగా రాసినా తీర్పు వాదకునికే మిగులుతుంది. మొట్టమొదటి స్వరసమూహంలో నాలుగు తంత్రులూ కలిసి మోగాలని రాత చెబుతుంది. బ్రిడ్జి వంపు వల్ల కమాను నాలుగింటినీ ఒకేసారి పట్టి నిలపలేదు. ఏ స్వరాన్ని ముందు విడిచి, దేనిని నిలపాలో వాదకుడే నిర్ణయించాలి. మూడవ 'బార్'లో ఒక 'ఇ' స్వరానికి బాఖ్ ప్రతిలో ఫ్లాట్ గుర్తు లేదు; పలు ముద్రిత ప్రతులు దానిని చేర్చాయి. అది కర్త సంకల్పమా, మరుపా?

వివేకవంతుడైన సాధకుడు ముందుగా అలంకారాలన్నిటినీ తొలగించి ఆధారస్వరాలను మాత్రమే వాయించుకుంటాడు. ఏ స్వరం ఎక్కడికి నడుస్తోందో తెలిశాక చిన్న స్వరాలను ఒక్కొక్కటిగా చేరుస్తాడు. వాటిని లెక్కకు కట్టుబడి వాయిస్తే పలుకు బిగుసుకుపోతుంది. లెక్క విడిచిపెడితే కృతి చెదిరిపోతుంది. ఈ ఇబ్బంది మనకూ పరిచితమే. సుబ్బరామ దీక్షితులు 1904లో తెలుగులో వెలువరించిన 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'లో గమకాలకు గుర్తులు ఇచ్చారు. గుర్తు తెలిసినంత మాత్రాన గమకం పలకదు.

నియమం ఎంత సమగ్రమైనా దానిని అమలు చేసేవాని వివేకానికి కొంత చోటు మిగిలే ఉంటుంది. ఆ చోటును స్వేచ్ఛగా భావించడం సులభం. దానికి జవాబుదారీ వహించడం కష్టం. మూడవ 'బార్'లోని ఆ స్వరాన్ని ఏ విధంగా పలికించినా, కారణం చెప్పవలసినవాడు వాదకుడే. ఆ కారణాన్ని వెదకడానికే ఏళ్ల తరబడి సాధన.