తుప్పు ఎవరిది?

పదేళ్లు చింతచెట్టు కింద నిలబడిపోయిన పాత అంబాసిడర్‌ని మళ్లీ రోడ్డెక్కించాలంటే ముందు చక్రాలు ఊడదీయాలి. నట్ల దగ్గర పెద్ద చిక్కు ఉండదు. వీల్ పానాకు ఇనప గొట్టం తొడిగి, దాని మీద ఒక మనిషి ఎక్కి నిలబడితే కిర్రుమంటూ ఒక్కొక్కటే వదులవుతాయి. చక్రం మాత్రం కదలదు. దాన్ని బిగించి ఉంచినవన్నీ విప్పేసినా అది డ్రమ్మును వదలదు. మెకానిక్ షెడ్డు భాషలో దానికి ఒకటే మాట: ‘పట్టేసింది’.

చక్రపు రేకుకూ బ్రేకు డ్రమ్ముకూ మధ్య వెంట్రుకవాసి సందు ఉంటుంది. వానాకాలాల తడి అందులో చేరి ఆరక, ఇనుము తుప్పయింది. ఇనుముకు సరిపోయే చోటు తుప్పుకు చాలదు, రెట్టింపుకు పైగా కావాలి. అందుకే అది ఉబ్బి, సందును పూడ్చి, రెండు వస్తువుల్నీ ఒక్కటి చేసేసింది. మరి ఈ బంధం ఎవరి పుణ్యం? ఇనుముదా, వానదా? మనిషిని కట్టిపడేసేది అతని లోపల పుట్టిందా, బయటినుంచి వచ్చి అంటుకుందా అని బౌద్ధులూ జైనులూ అడిగినదీ ఇంచుమించు ఇదే.

బౌద్ధుల ధమ్మపదంలోని మలవగ్గం తప్పును ఇనుము మీదే మోపుతుంది. ఇనుములో పుట్టిన తుప్పు ఇనుమునే తింటుందనే అక్కడి గాథకు పాళీ వ్యాఖ్యానం, అట్ఠకథ, ఒక కథ చెబుతుంది. తిస్సుడనే భిక్షువుకు తోబుట్టువు మంచి బట్టతో చీవరం అమర్చిపెట్టింది. రేపు కట్టుకుందామని మురిసిపోతూ దాన్ని దండెం మీద వేసి పడుకున్నాడు. ఆ రాత్రే చనిపోయి, ఆ బట్టలోనే పేనై పుట్టాడు. పోయినవాడి చీవరాన్ని పంచుకుందామని తోటి భిక్షువులు చేయి వేయబోతే, నా సొత్తు దోచుకుంటున్నారో అని ఆ పేను అరుస్తూ అటూఇటూ పరుగులు తీసిందట. బుద్ధుడికి ఆ గోల వినిపించింది. ఏడు రోజులు దాని జోలికి పోవద్దన్నాడు. ఏడో రోజున పేను చచ్చి తుషిత స్వర్గానికి పోయింది. అప్పుడు గానీ చీవరాన్ని పంచుకోలేదు. ముందే లాక్కుని ఉంటే ఆ కోపంతో అది నరకానికి పోయేదని బుద్ధుడి వివరణ.

జైనుల లెక్క వేరు. వారికి కర్మ అంటే చేసిన పని ఒక్కటే కాదు. జీవుడికి వచ్చి అంటుకునే సూక్ష్మ పదార్థం, పుద్గలం. ఉమాస్వాతి తత్త్వార్థసూత్రం ఆ అంటుకోవడాన్నీ వదలడాన్నీ వరసగా పేర్చింది: లోపలికి కారడం ఆస్రవం, అతుక్కోవడం బంధం, కారకుండా ఆపడం సంవరం, ఉన్నదాన్ని రాల్చడం నిర్జర, ఆపైన మోక్షం. తడీ తుప్పూ తెలిసిన మెకానిక్‌కి ఈ వరస వివరించక్కర్లేదు.

నిర్జరలో మళ్లీ రెండు రకాలు. కాలం తీరి కర్మ తనంతట తాను రాలడం ఒకటి. తపస్సుతో దాన్ని ముందే పండించి రాల్చడం రెండోది. దీనికి వ్యాఖ్యాతలు మామిడికాయల పోలిక తెచ్చారు. చెట్టున పండే కాయ వేరు, కోసి మాగవేసిన కాయ వేరు. ఇంట్లో వరిగడ్డిలో కాయలు మాగేసిన వాళ్లకి ఆ తేడా నాలుక మీదే ఉంటుంది.

షెడ్డులో ఈ రెండూ జరుగుతాయి. మొదట చక్రం డ్రమ్ముకు ఆనే అంచు చుట్టూ, నట్ల బోల్టుల మొదట్లో నూనె పోసి ఒక రాత్రి వదిలేస్తారు. సన్నటి సందులోకి నూనె తనంతట తాను పాకాలి, తొందరపెడితే పాకదు. తెల్లారాక నట్లను మళ్లీ ఎక్కించి, రెండు చుట్లు వదులుగా ఉంచి, జాకీ దించి, బండిని ముందుకీ వెనక్కీ అడుగు దూరం ఊపుతారు. బండి బరువే తుప్పును విరుస్తుంది. అప్పటికీ రాకపోతే బండిని జాకీ మీదే వదలకుండా స్టాండు పెట్టి, టైరు పక్కగోడ మీద కొయ్యసుత్తితో కొడతారు, చక్రాన్ని తిప్పుతూ చుట్టూతా. డ్రమ్ము పోత ఇనుము. గురి తప్పిన ఒక్క దెబ్బకి అంచు పగిలిందంటే, చక్రం ఊడినా బండి నిలబడదు. బుద్ధుడు ఏడు రోజులు ఆగమన్న మాటకి ఇక్కడ ఖరీదు కట్టొచ్చు, కొత్త డ్రమ్ము వెలతో. 2014లో ఉత్తరపారా కర్మాగారంలో తయారీ ఆగిపోయిన బండికి ఆ డ్రమ్ము దొరకాలి కూడా.

నూనె సంగతి మరొకటుంది. జైనుల కుందకుందాచార్యుడు సమయసారంలో ఒంటికి నూనె పట్టించుకుని దుమ్ములో కసరత్తు చేసే మనిషిని చూపిస్తాడు. అతనికి దుమ్ము అంటింది కసరత్తు వల్ల కాదు, నూనె వల్ల. ఆ నూనె రాగానికి, అంటే మమకారానికి, గుర్తు. ఆయన పేరులోని ఊరు గుంతకల్లు దగ్గరి కొనకొండ్లేనని చాలామంది పండితుల అభిప్రాయం. అక్కడి గుట్ట మీద తీర్థంకరుల రూపాలు ఇప్పటికీ ఉన్నాయి. ఆయన పోలికలో బంధానికి కారణమైన నూనే షెడ్డులో బంధం విప్పుతుంది.

ఇంతకీ తుప్పు ఎవరిది? రసాయనశాస్త్రం ఇద్దరికీ పాలు పంచుతుంది. తుప్పు బరువులో సగానికి పైగా ఇనుమే. మిగతాది గాలి ఇచ్చిన ఆక్సిజన్, వాన ఇచ్చిన తేమ. ఇనుము లేకుండా వాన తుప్పు పట్టించలేదు, తడి తగలకుండా ఇనుము తుప్పు పట్టదు. మెకానిక్ కూడా ఒక్క ఇనుమునీ తప్పుపట్టడు, ఒక్క వాననీ తిట్టడు. రెండూ కలిసిన సందు మీదే అతని చూపంతా.

చివరికి చక్రం ‘ఠప్’మని ఊడి ఒళ్లో పడినంత పని చేస్తుంది. డ్రమ్ము మీద గోధుమరంగు వలయం, నేల మీద కుప్పగా పొడి. తీగ బ్రష్షుతో రెండు ముఖాలూ తెల్లగా మెరిసేదాకా రుద్దుతారు, అది నిర్జర. తర్వాత తడి మళ్లీ చేరకుండా డ్రమ్ము ముఖానికి మాత్రమే, నట్లు కూర్చునే చోటికి తగలకుండా, గ్రీజు రాస్తారు, అది సంవరం. గ్రీజు మందంగా పూస్తే కుందకుందుడు చెప్పినట్టే దుమ్మంతా దానికే అంటుకుంటుంది. అందుకని మెకానిక్ ఒక్క వేలితో రాసి, పాత గుడ్డతో మళ్లీ తుడుస్తాడు, ఇనుము మీద మెరుపు మాత్రం మిగిలేలా.