దిద్దే చేయి

మా అక్కయ్య కూతురు పెన్సిల్వేనియాలో, ఫిలడెల్ఫియా ఊరికి కాస్త ఇవతల ఉంటుంది. 2023 వేసవిలో దాని దగ్గర మూడు నెలలున్నాను. దాని తొమ్మిదేళ్ళ కూతురు బడికి వెళ్ళదు. "ఏం, ఒంట్లో బాగుండదా?" అని అడక్కండి. నేనూ అలాగే అడిగి నాలిక కరుచుకున్నాను. ఇంట్లోనే చదువు. అమ్మే టీచరు, భోజనాల బల్లే క్లాసురూము. అక్కడ అలా చదివే పిల్లలు చాలామందే ఉన్నారు.

"పిన్నీ, నువ్వున్న ఈ మూడు నెలలూ దీని తెలుగు నీ పూచీ" అంది మా అమ్మాయి. నాకు అంతకంటే కావలసిందేముంది? బి.ఎ. చదివాను, డజను నవలలు రాశాను. తొమ్మిదేళ్ళ పిల్లకి ఒత్తులూ గుణింతాలూ నేర్పలేనా అని కొంగు బిగించాను.

జూన్ నెల వచ్చేసరికి ఇంట్లో హడావుడి మొదలైంది. ఏడాది పొడుగునా ఆ పిల్ల చదివిన పుస్తకాల జాబితా, వేసిన బొమ్మలు, చేసిన లెక్కలు, అన్నీ ఓ లావుపాటి ఫైల్లో చేరుతున్నాయి. ఏడాదికి 180 రోజులో, 900 గంటలో చదువు సాగినట్టు లెక్క చూపాలిట. మూడో తరగతి గనక బయటివాళ్ళు పెట్టే పరీక్ష ఒకటి అదనం. ఇదంతా ఒకావిడ వచ్చి చూసి, పిల్లతో మాట్లాడి, "చదువు సరిగానే సాగుతోంది" అని సంతకం పెట్టాలి. జూన్ 30 లోగా ఆ కాగితం స్కూల్ డిస్ట్రిక్ట్ సూపరింటెండెంటుకి చేరాలి.

"దానికి బయటావిడ ఎందుకే? తెలుగు వరకూ నేను రాసిస్తాగా సర్టిఫికెట్టు" అన్నాను.

అది నవ్వింది. "నువ్వు పనికిరావు పిన్నీ" అంది.

నిజం చెప్పొద్దూ, ఆ మాట కొంచెం గుచ్చుకుంది. ఆ రాత్రి దాన్ని కూర్చోబెట్టి ఆ చట్టమేమిటో అంతా చెప్పించుకున్నాను. 1988లో చేశారుట. సంతకం పెట్టే మనిషి లైసెన్సున్న సైకాలజిస్టు కావాలి. లేదా ఆ రాష్ట్రం సర్టిఫికెట్టు ఇచ్చిన టీచరు కావాలి. ప్రైవేటు బడి టీచరైతే, గత పదేళ్ళలో కనీసం రెండేళ్ళు ఆ రాష్ట్రంలోనే పాఠాలు చెప్పి ఉండాలి. చిన్నపిల్లల్ని చూసే మనిషికి చిన్న తరగతుల అనుభవమే ఉండాలి. కాలేజీ కుర్రాళ్ళకి చెప్పాను అంటే కుదరదు. ఇంకెవరినైనా పెట్టుకోవాలంటే ముందుగా సూపరింటెండెంటు ఒప్పుకోవాలి. అన్నిటికంటే గట్టి షరతు, చదువు చెప్పే తల్లిగానీ తండ్రిగానీ ఆ సంతకం పెట్టకూడదు.

ఇక్కడో తమాషా ఉంది. చదువు చెప్పే తల్లికి మటుకు హైస్కూలు పాసైతే చాలుట! మా అమ్మాయి ఎమ్.టెక్. దాని చదువు చెప్పడానికి ఎక్కువ, తూకం వెయ్యడానికి తక్కువ. వర్జీనియాలోనైతే ఎమ్.ఎ. ఉన్నవాళ్ళు, పిల్ల చదువు సంగతి తెలిసినవాళ్ళు ఉత్తరం రాసిచ్చినా ఒప్పుకుంటారుట. ఆ రోజుల్లో ఆ ఎమ్.ఎ. ఏదో కట్టి ఉంటే బాగుండేదని అప్పుడనిపించింది. డెలావేర్ నది దాటి అవతల ఉన్న న్యూజెర్సీకి పోతే అసలు అడిగే నాథుడే లేడు. ఒక్క నది అడ్డం, అంతే. ఇటు ఇన్ని షరతులు, అటు ఏమీ లేవు. ఏది న్యాయం?

నిద్ర పట్టక ఆలోచిస్తూ పడుకున్నాను. అసలు మనల్ని తూచినవాళ్ళకి ఆ అర్హత ఉందా అని మనం ఎప్పుడైనా అడిగామా? పెళ్ళిచూపుల్లో నా చేత పాట పాడించి "శ్రుతి కాస్త తగ్గింది" అన్న పెద్దమనిషికి బొత్తిగా చెవుడని తర్వాత తెలిసింది. మా అత్తగారు నా పులుసుకి వంకలు పెట్టేవారు. ఆవిడ అనుభవాన్ని కాదనను, కానీ పెన్సిల్వేనియా లెక్కన గత పదేళ్ళలో రెండేళ్ళు వండి ఉండాలి కదా? ఆవిడ గరిటె పట్టి అప్పటికి పన్నెండేళ్ళు!

నవ్వులాటకి అన్నాను గానీ, ఇంటి చదువుని బయటివాళ్ళు తూచడం మన ఆడవాళ్ళకి కొత్తేమీ కాదు. 1937లో దుర్గాబాయి దేశ్‌ముఖ్ మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టినప్పుడు, బడికి పోలేకపోయిన ఆడపిల్లల్ని బెనారస్ మెట్రిక్ పరీక్షకి తయారుచెయ్యడం అక్కడ ముఖ్యమైన పని. ఆవిడ కూడా ఆ పరీక్ష అలా ప్రైవేటుగా చదివి పాసైన మనిషే. ఆ పేపర్లు దిద్దినవాళ్ళకి ఈ పిల్లలెవరో తెలియదు. నంబరు తప్ప మొహం తెలియకపోవడమే అక్కడ పెద్ద భరోసా. వంటింట్లో చదువుకున్న పిల్ల కూడా బడికెళ్ళిన పిల్లతో సమానమని ఆ తెలియనివాళ్ళ చేత అనిపించుకోవడమే గెలుపు. "మా అమ్మాయి బాగా చదువుతుంది" అని తండ్రి వెయ్యిసార్లు అన్నా ఆ విలువ వస్తుందా? కాకి పిల్ల కాకికి ముద్దని లోకం నవ్వేది.

తెల్లారేసరికి కోపం తగ్గింది గానీ గర్వం తగ్గలేదు. తెలుగు ముక్క రాని ఆవిడ మా తెలుగు పేజీలు చూసి ఏం కనిపెడుతుందో చూద్దాం అనుకున్నాను.

ఆవిడ వచ్చింది. చాలా ఏళ్ళు మూడో తరగతికి పాఠాలు చెప్పి ఈమధ్యనే మానేసిందిట. టీ ఇస్తే తాగింది. ఫైలు మొదట్నించీ కాకుండా మధ్యలో తెరిచింది. పేజీలు తిప్పుతూ పిల్లతో కుక్కపిల్లల సంగతీ, వానల సంగతీ మాట్లాడుతోంది. ఇదేం పరీక్ష అనుకుంటున్నాను నేను. అంతలో ఓ పేజీ దగ్గర ఆగింది.

అది మా తెలుగు పేజీ. పిల్ల కాకినాడలో ఉన్న వాళ్ళ అమ్మమ్మకి రాసిన ఉత్తరం. ముత్యాల్లాంటి అక్షరాలు. ఒక్క కొట్టివేత లేదు.

"మిగతా పేజీలన్నిటిలో చెరిపిన గుర్తులున్నాయి. ఇందులో ఒక్కటీ లేదేం?" అని అడిగింది పిల్లని. ఇంగ్లీషులోనే లెండి.

నా గుండె ఝల్లుమంది. పిల్ల మటుకు ఏమీ దాచలేదు. "రాత నాది, మాటలు చిన్నమ్మమ్మవి" అంది.

"నువ్వు ముందు ఏం రాశావు?"

పిల్ల లోపలికి పరుగెత్తి దాని పుస్తకంలోంచి మడతపెట్టిన చిత్తు కాగితం పట్టుకొచ్చింది. పారేశాననుకున్నాను నేను. దాచుకుంది! దాన్ని ఇంగ్లీషులోకి మార్చి చదివింది. "అమ్మమ్మా, నువ్వు రోజూ గుర్తు రావు. మామిడిపండు చూస్తే గుర్తొస్తావు. అప్పుడు ఏడుపొస్తుంది."

నేను దిద్దింది ఒత్తులే కాదు. మొదటి వాక్యం చూసి, అక్కయ్య మనసు కష్టపెట్టుకుంటుందని, "నువ్వు నాకు రోజూ గుర్తొస్తావు" అని మార్చాను. ఏడుపు కూడా తీసేశాను. పైగా మూడుసార్లు ఎత్తి రాయించాను. పిల్లకి తెలుగు నేర్పుతున్నాననుకున్నాను గానీ అబద్ధం చెప్పడం కూడా నేర్పుతున్నానని తోచలేదు.

ఆవిడ నన్ను ఏమీ అనలేదు. చిత్తు కాగితాన్ని ఫైల్లో పైన పెట్టించి, మంచి కాగితాన్ని దాని వెనక పెట్టించింది. అక్షరం తెలియకుండానే ఎలా పట్టుకుంది? వందలమంది తొమ్మిదేళ్ళ పిల్లల కాగితాలు దిద్దిన మనిషి. ఆ వయసు పిల్ల రాస్తే తప్పులు ఏ తీరున పడతాయో ఆవిడ కంటికి తెలుసు. నాకు తెలుగు తెలుసు గానీ తొమ్మిదేళ్ళు తెలియవు. చిన్న తరగతుల అనుభవమే కావాలని చట్టం ఎందుకు పట్టుబట్టిందో అప్పుడర్థమైంది.

అలాగని ఆ ఏర్పాటంతా భేషుగ్గా ఉందనీ అనను. ఆవిణ్ణి ఎంచుకున్నది మా అమ్మాయే, ఫీజు ఇచ్చిందీ అదే. డబ్బిచ్చే మనిషిని తూచే తక్కెడ ఎంత నిక్కచ్చిగా నిలుస్తుందండీ? ఉండబట్టలేక గుమ్మం దగ్గర ఆ మాటే అడిగేశాను. ఆవిడ నొచ్చుకోలేదు. "సంతకం నాది కదా" అంది, చెప్పులు వేసుకుంటూ. ఆ జవాబు నాకు ఇప్పటికీ సగమే నచ్చింది. అందరూ ఆవిడలాంటివాళ్ళే దొరుకుతారా? పిల్ల మొహమైనా చూడకుండా సంతకం పెట్టే సర్టిఫికెట్టు టీచరూ ఉండొచ్చు, ఏ సర్టిఫికెట్టూ లేకుండా పిల్ల మనసు చదివే పక్కింటి మామ్మగారూ ఉండొచ్చు. ఆ మామ్మగార్ని చట్టం ఎలా కనిపెడుతుంది? కాగితం మీద కనబడేది రెండేళ్ళ అనుభవం ఒక్కటే.

మరో సంగతి. తల్లి ప్రేమకొద్దీ ఎక్కువ మార్కులేస్తుందని కదా చట్టానికి భయం? మా అమ్మాయి వరస దానికి తిరగేసి ఉంది. పిల్లకి భాగహారం రావడం లేదని ఏడాదంతా కుమిలిపోయింది. ఆవిడ నాలుగు లెక్కలు చేయించి చూసి, "ఈ వయసుకి రావలసినంత వచ్చింది, మీరే తొందరపడుతున్నారు" అంది. అంతే, ఆవిడ కారు కదలగానే మా అమ్మాయి ఫ్రిజ్ తలుపు తెరుచుకుని, మొహం అందులో పెట్టి ఏడ్చింది. ఓదార్చాలో ఊరుకోవాలో తెలియక నేను టీ కప్పులు కడిగాను.

2014లో మార్చినప్పట్నించీ ఫైలు ఆఫీసుకి పంపనక్కర్లేదుట, ఆవిడ సంతకం చేసిన కాగితం పంపితే చాలుట. అందుకని జులైలో నేను బయల్దేరుతుంటే పిల్ల ఫైలు తెరిచి ఉత్తరం తీసి నా చేతికిచ్చింది. చిత్తుదే.

కాకినాడలో అక్కయ్య కళ్ళజోడు పెట్టుకుని చదివింది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మళ్ళీ మొదట్నించీ చదివింది.

"నువ్వు దీన్ని దిద్దలేదేమే?" అంది.

"నాకా అర్హత లేదుట అక్కా" అన్నాను.

"అలాగా. మామిడిపండుకి 'డ' దగ్గర సున్న మర్చిపోయింది చూడు" అంటూ దాన్ని మడిచి జాకెట్టులో పెట్టుకుంది.